అందించిన మాట

డిస్కు మళ్లీ ఆగింది. తెర మీద ముప్పై ఎనిమిది అన్న అంకె అట్లాగే నిలబడిపోయింది. బల్ల మీద తువ్వాలు మడిచి దాని మీద పెట్టిన ఆ డిస్కులోంచి టక్, టక్ అని రెండుసార్లు వినిపించి, తర్వాత సన్నగా గీరుతున్న చప్పుడొకటి మొదలైంది. జీవరత్నం చెయ్యి కీబోర్డు దాకా పోయి వెనక్కి వచ్చింది. ఊరుకో, ముట్టుకోకు, దాని తంటాలు అది పడనీ. రెండుంబావు. మార్కాపురంలో ఈ వేళప్పుడు మేడ మీది గదిలో మనిషన్నవాడు కూర్చోడు, అయినా ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునూ డిస్కు వైపే తిప్పి పెట్టింది. తనకు చెమట పడితే కొంగుతో తుడుచుకోవచ్చు, డిస్కుకు వేడెక్కితే ఇక అంతే సంగతులు. కింద వీధిలో పలకలు కోసే మిషను కాసేపు అరిచి కాసేపు ఊరుకుంటోంది. నాలుగింటికి జీపు వస్తుంది. అయిదింటికి ఊళ్లో, బేస్తవారిపేట అవతల, ఆ రేకుల చర్చిలో నాయన జ్ఞాపకార్థ కూడిక. పోయి ఏడాది. అమ్మ వారం నుంచీ అడుగుతున్నది ఒకటే, మీ నాయన గొంతు ఒక్కసారి వినిపియ్యి రత్నమ్మా, చాలు, అని.

గొంతు ఈ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు. ఇరవై రెండు నిమిషాల వీడియో ఒకటి. నాయన మాట్లాడుతుండగా ఎవరన్నా తీశారా అని చుట్టాలనంతా అడిగి చూసింది. అంకయ్య మామ కూతురి పెళ్లి వీడియోలో నాయన నాలుగుచోట్ల కనిపిస్తాడు, పందిట్లో ఎవరినో గదమాయిస్తూ, వడ్డించేవాళ్లకు వేలు చూపించి ఏదో చెబుతూ, ఒకచోటైతే కెమెరా వైపే తిరిగి పళ్లన్నీ బయటపెట్టి ఏదో జోకు వేస్తూ. కానీ వీడియో తీసినవాడు మహానుభావుడు, మొదటి నుంచి చివరి దాకా పాటలు అతికించాడు. నాయన నోరు తెరిచినప్పుడల్లా అందులోంచి షెహనాయి వస్తుంది. ఎప్పుడన్నా తీరిగ్గా కూర్చోబెట్టి మాట్లాడించి దాచుకుందామని ఎవరికీ తోచలేదు, ఎందుకు తోస్తుంది, పొద్దున లేస్తే ఆ గొంతు వినపడకుండా ఉంటే బాగుండునని ఇంట్లో వాళ్లు అనుకునేంత గట్టి గొంతు అది. అమ్మయితే పైకే అనేది. ఇప్పుడు అదే అమ్మ లోపలి గదిలో తెల్లచీర మడతలు విప్పుతూ, ఆ గొంతు దొరుకుతుందా లేదా అని అడగకుండా అడుగుతోంది, గాజులు మామూలుకంటే ఎక్కువ చప్పుడు చేస్తున్నాయి.

నవ్వొచ్చే సంగతి, జీవరత్నం ఉద్యోగమే ఇది. బెంగళూరు కంపెనీకి ఇంట్లో కూర్చుని చేసే పని. కంప్యూటరు అడుగున కెర్నెల్ అని ఒకటుంటుంది, పైన నడిచే ప్రోగ్రాములకూ కింద తిరిగే డిస్కుకూ మధ్య అదే పెద్దమనిషి, ఎవరికేం కావాలన్నా దాన్ని అడగాల్సిందే. డిస్కు జవాబివ్వకపోతే ఆ పెద్దమనిషి ఎంతసేపు చూడాలి, ఎన్నిసార్లు అడగాలి, ఎప్పుడు చేతులెత్తెయ్యాలి, ఇవన్నీ రాసే పదిమందిలో తనొకతె. నాయన ఊళ్లో అందరికీ చెప్పుకున్నది వేరే, మా పాప కంప్యూటర్లకు డాక్టరు అని. ఆ డాక్టరు రెండు రోజులు డిస్కును తిట్టుకుంటూ కూర్చుంది. కెర్నెల్ జరిగినవన్నీ రాసుకునే లాగ్‌లో వరుసగా తప్పులు, ఇక్కడ చదవలేకపోయాను, అక్కడ చదవలేకపోయాను, లెక్క చూస్తే ఆ ఒక్క ఫైలులోనే అరవై నాలుగు చోట్లు. చచ్చిపోయాయి అని తేల్చుకుని నిన్న సాయంత్రం ఏడ్చింది కూడా. ఈ పొద్దున పళ్లు తోముకుంటూ మళ్లీ లాగ్ చూస్తే తప్పుల పక్కన రాసి ఉన్న సమయాలు కంటికి ఆనాయి. ప్రతి తప్పుకు ముందూ సరిగ్గా ముప్పై సెకన్లు. ఒకచోట ఇరవై తొమ్మిదీ కాదు, ఇంకోచోట ముప్పై నాలుగూ కాదు. పాడైన డిస్కు గడియారం చూసుకుని పాడవదు కదా. అంటే డిస్కు లేదనలేదు, అది చెబుతూనే ఉంది. గీరుకుపోయిన చోటును మళ్లీ మళ్లీ తడుముకుంటూ, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఉంది. ముప్పై సెకన్లు కాగానే కెర్నెలే ఓపిక పట్టలేక దాన్ని కుదిపి మొదటికి తెచ్చింది, మళ్లీ అడిగింది, మళ్లీ ముప్పై, అట్లా అయిదుసార్లు చూసి చచ్చిందని రాసేసింది. మార్చాల్సింది ఒక్క అంకె. ముప్పై తీసేసి నూట ఎనభై పెట్టింది. పైపెట్టె ఊడదీసి డిస్కును నేరుగా పాత కంప్యూటరుకు తగిలించింది. మొదటి చోటు చదవడానికి యాభై రెండు సెకన్లు పట్టింది, కానీ చదివింది. పళ్లపొడి నోటితోనే బల్ల మీద తల పెట్టుకుని కాసేపు అట్లా ఉండిపోయింది.

టక్. చదివిన చోట్లు ముప్పై ఎనిమిది నుంచి ముప్పై తొమ్మిదయ్యాయి. ఒకటిన్నర నిమిషం తీసుకుంది ఇది. నలభై గబుక్కున వచ్చేసింది, నలభై ఒకటి దగ్గర మళ్లీ గీరుడు. ముప్పై సెకన్లంటే నిజానికి తక్కువేం కాదు, చేతులు కట్టుకుని ఎదురుచూస్తుంటే తెలుస్తుంది. ఆ రేకుల చర్చిలో అయితే ఎవరూ మూడు సెకన్లు కూడా ఉండరు. అక్కడ పెద్దవాళ్లలో చదువొచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాక్యాలన్నీ విని విని కంఠతా పట్టినవే. లేచి నిలబడి చెబుతున్న మనిషి మధ్యలో ఆగాడో, పక్కనున్నవాళ్లు మాట అందించాలి. అది అక్కడి మర్యాద. నలుగురిలో ఒక మనిషిని మాట లేకుండా నిలబెట్టి చూస్తూ కూర్చోవడం వాళ్లకు చేతకాదు, దాహమన్నవాడికి నీళ్లియ్యనట్టు బాధపడిపోతారు. ఆడవాళ్ల చాప మీద ముందు వరసలో కూర్చుని ఏడేళ్ల జీవరత్నం అందరికంటే ముందు అందించేది. నాయన సంఘపెద్ద, వేరుశనగ చేలో కూలికి పోయి వచ్చి, స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని వాక్యం చెప్పడానికి లేచేవాడు, ఎప్పుడూ ఒకేచోట ఆగేవాడు, ఆగి కూతురి వైపు చూసేవాడు. ఆమె అందించేది. మరిచిపోయి ఆగేవాడో, కూతురి చేత చెప్పించాలని ఆగేవాడో ఇప్పటికీ తెలీదు. పాస్టరు ప్రభాకరరావు అయ్యగారు ఒక ఆదివారం ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఈ పిల్ల నోట్లో మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటది జీవానందం, అన్నారు. నాయన ఆ మాటను నెల రోజులు కనపడినవాడికల్లా చెప్పాడు.

అట్లాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా ఒక్కసారే పడిపోతే, ఊరు ఊరంతా అందించడానికి వచ్చింది. నాయన నోరు తెరవడమే ఆలస్యం. నీళ్లా మామా. దుప్పటా అన్నా. మజ్జిగ కావాల్నా, పడుకుంటావా, కిటికీ తియ్యమంటావా. పాపం ఎవరినీ అనడానికి లేదు, అందరూ ప్రేమతో అందించినవాళ్లే. నాయన అన్నిటికీ తల ఊపేవాడు. నీళ్లిస్తే తాగేవాడు, దుప్పటి కప్పితే ఎండాకాలంలో కూడా కప్పించుకునేవాడు. ఒంగోలులో మాటల డాక్టరమ్మ చూసి చెప్పింది, ఈయన తలలో మాటలన్నీ ఉన్నాయమ్మా, నోటి దాకా వచ్చే దారే పాడైంది, వెతుక్కుంటాడు, మీరు అందించకండి, లోపల వంద లెక్కపెట్టుకోండి, అని. అమ్మ లెక్కపెట్టేది. అమ్మకు ఇరవై తర్వాత అంకెలు సరిగా రావు, ఇరవై దాకానే అయిదుసార్లు లెక్కపెట్టేది. జీవరత్నానికి ఎన్నడూ వంద దాకా చేతకాలేదు. పదిహేను దాకా వచ్చేసరికి ఆయన మొహంలో నరాలు లేస్తుంటే చూడలేకపోయేది. చూడలేక అందిస్తున్నాననుకుంది అప్పుడు. ఇప్పుడు చల్లగా ఆలోచిస్తే సగం అదీ, సగం తీరికలేనితనమూ. లోపలి గదిలో లాప్‌టాప్ తెరిచి ఉండేది, ఎవరో ఒకరు పిలుస్తూ ఉండేవాళ్లు.

నలభై అయిదు. నలభై ఆరు. అమ్మ తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది, డిస్కును చూసింది, ఫ్యానును చూసింది, ఏమనుకుందో వెళ్లిపోయింది. బియ్యం చాటలో పోసుకున్న చప్పుడు. అంగడి బియ్యంలో రాళ్లుండవని వందసార్లు చెప్పినా చాట దించదు. ఇక్కడికొచ్చి పదకొండు నెలలు, ఈ పదకొండు నెలలూ లేని రాళ్లు ఏరుతోంది.

నాయన ఆఖరుగా మాట్లాడిన రోజు మధ్యాహ్నం. డాక్టరమ్మ వారానికోసారి మాట్లాడించి వీడియో తీసి పంపమంటే, అదే మొదటిసారి. ఊళ్లో ఇంటి ముందరి గదిలో ప్లాస్టిక్ కుర్చీలో నాయనను కూర్చోబెట్టి, ఎదురుగా కిటికీ అంచు మీద ఫోను ఆనించి, నాయనా ఏమన్నా చెప్పు, నీ ఇష్టం, అంది. నాయన చాలాసేపు చూశాడు. అమ్మను, అన్నాడు. ఎంత స్పష్టంగా అన్నాడంటే ఆమెకు ఒళ్లు జల్లుమంది. తర్వాత ఆగిపోయాడు. పెదాలు రెండూ దగ్గరికి వచ్చి బిగుసుకున్నాయి. ఒకటి, రెండు, మూడు. అమ్మను ఏంటి నాయనా. తొమ్మిది, పది. పెదాలు వణుకుతున్నాయి, ఎడమచెయ్యి కుర్చీ అంచును నొక్కుతోంది. ఇరవై దాకా వచ్చింది, లోపల లాప్‌టాప్ మోగింది, రెండున్నర మీటింగు. ఇరవై ఒకటి, ఇరవై రెండు. అమ్మను నాతో తీసుకపొమ్మంటావా నాయనా, అంది. నాయన ఆమెను చూశాడు. తల కదిలింది. అట్లనే, తీసుకపోతాలే, నువ్వేం దిగులు పడబాక, అని మూతి తుడిచి లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. ఫోను అక్కడే ఉండిపోయింది. మీటింగు అయి బయటికి వచ్చేసరికి నాయన కుర్చీలో పక్కకు ఒరిగి ఉన్నాడు. ఆ తర్వాత అంబులెన్సు, ఒంగోలు, నాలుగు రోజులు గొట్టాలు. నోరు మళ్లీ తెరవలేదు. అమ్మను, అన్నదే ఆయన ఆఖరి మాట.

ఆఖరికి ఏమన్నా చెప్పినాడామ్మా, అని సమాధుల దొడ్డి దగ్గర అంకయ్య మామ అడిగితే, అమ్మను తీసుకపొమ్మన్నాడు మామా, అంది. అబద్ధమాడలేదు, అప్పటికి నిజంగా అట్లాగే నమ్మింది. ప్రభాకరరావు అయ్యగారు ఆ మాట మీదే ప్రసంగం చేశారు, చనిపోతూ కూడా భార్యను బిడ్డ చేతిలో పెట్టిన భర్త అని. ఆడవాళ్లందరూ ఏడ్చారు. పోలమ్మత్త కుళాయి దగ్గర దాన్ని ఇంకాస్త పెంచి, చెయ్యి పట్టుకుని ప్రమాణం చేయించుకున్నాడంట, అని చెప్పింది. సగం మాట చెప్పి పోయిన మనిషికి చర్చి మొత్తం మిగతా సగం అందించింది. అందరికంటే ముందు అందించింది తనే. ఆ మాట నాయన మొహంలోంచి రాలేదు, అది తనలో ఆరు నెలల నుంచీ సిద్ధంగా ఉన్నది. అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటే ఎట్లా, తను అటూ ఇటూ తిరగలేదు, మార్కాపురంలో ఒక పోర్షను తీసుకుంటే సరిపోతుంది, నాయన ఉండగా ఈ మాట ఎట్లా అనడం అనుకుంటూ ఉన్నది. ఆ మాటనే తీసి ఆయన నోట్లో పెట్టింది.

యాభై ఒకటి. ఈసారి టక్ అన్న చప్పుడు ఎక్కువైంది, లోపల చదివే ముల్లు ఇంకెంతసేపు నిలుస్తుందో, గీరుతున్న కొద్దీ అరుగుతుంది, అడిగిన కొద్దీ చదివే శక్తి తగ్గుతుంది, ఇది చివరి ప్రయత్నమని ఆమెకు తెలుసు. డిస్కు పాడైంది కూడా అమ్మను ఊరి నుంచి తెచ్చిన రోజే. అమ్మ పెంచుకున్న మేకలను ఊళ్లోని మాలకొండయ్య తోలుకుపోయాడు. అమ్మ కొట్టం దగ్గర నిలబడి ఒక్కొక్కదాని గుణం చెప్పి అప్పగించింది, దీనికి తుమ్మకాయలంటే ప్రాణం, ఇది ఉరిమితే బెదురుతుంది, ఇది నీ చేతి తిండి తినదు, రెండ్రోజులు ఓపిక పట్టు, అని. మాలకొండయ్య మర్యాదస్తుడు, అన్నిటికీ ఊఁ కొట్టాడు. అమ్మ ఏడవలేదు. ఆటోలో సామాను సర్దినప్పుడు డిస్కున్న సంచి మీద అమ్మ ట్రంకుపెట్టె పడింది, రోడ్డంతా గుంతలే, చూసుకోలేదు. ఫోనులో చోటు చాలక నాయన పోయిన మూడోనాడే ఆ వీడియోను చూడకుండా డిస్కులోకి మార్చి ఫోనులోంచి తీసేసింది. చూడకపోవడానికి కారణం ఎవరికీ చెప్పలేదు. కుర్చీలో ఒరిగిపోయింది ఆ ఇరవై రెండు నిమిషాల్లోనా, ఆ తర్వాతా అన్నది ఆమెకు తెలీదు. అది కళ్లతో చూడాల్సి వస్తుందని భయం. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది, అది మెల్లమెల్లగా ఈ పదకొండు నెలల్లో పెరిగింది, అమ్మ చాట చెరిగే చప్పుడు విన్నప్పుడల్లా పెరిగింది. ఎవరూ అందించనప్పుడు ఆయన ఆ మాట పూర్తి చేశాడేమో.

పూర్తి చేస్తే ఏమని చేసుంటాడు. అమ్మను ఇక్కడే ఉండనీ. అమ్మను కదిలించబాక. అట్లా అని ఉంటే ఏం చెయ్యాలి, మేకలు లేవు, కొట్టం రేకులు అంకయ్య మామ తీసుకుపోయాడు, అయ్యగారు ప్రసంగాన్ని వెనక్కి తీసుకోలేరు. పోయిన నెలలో ఒక సాయంత్రం అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంటే ఉండబట్టలేక అడిగింది, నీకు ఈడ బాగలేదు కదమ్మా, అని. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. ఆ రోజు జీవరత్నం వంద లెక్కపెట్టింది, మొదటిసారి పెట్టగలిగింది.

"మీ నాయన బతికినన్నాళ్లు ఆయన చెప్పిన మాట ఒక్కటీ ఇనలేదు నేను. ఆఖరి మాట నీతో చెప్పినాడు, నేనేమో కొట్టంలో మేక ఈనుతుంటే దాని దగ్గర కూసోనుంటి. ఇదొక్కటన్నా ఇంటా అమ్మాయ్. బాగున్నా బాగలేకపోయినా ఆయన చెప్పినాడు గదా" అంది.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆయన చెప్పలేదమ్మా, నేను చెప్పినాను, అని. నోట్లో మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండే పిల్లకు ఆ ఒక్క మాట రాలేదు. లేచి పోయి పొయ్యి మీద టీ పెట్టింది.

అరవై మూడు. ఇక మిగిలింది ఒక్కటే, అది ఫైలు చివరనున్న సూచిక. ఏ బొమ్మ ఎక్కడుందో, ఏ శబ్దం ఎక్కడుందో రాసి ఉండేది అక్కడే, అది రాకపోతే మిగతా అరవై మూడూ వచ్చినా దండగే, ఫైలు తెరుచుకోదు. నిమిషం అయింది. గీరుతోంది. నిమిషమున్నర. కింద మిషను ఆగింది, అందువల్ల డిస్కు చప్పుడు ఒక్కటే గదంతా వినిపిస్తోంది. కుదిపి మళ్లీ అడుగుదామా అని వేళ్లు లేస్తున్నాయి, ఇన్నేళ్ల అలవాటు, జవాబు రాకపోతే కుదపడమే కదా తను నేర్చుకున్నదీ రాసిందీ. రెండు నిమిషాలు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. చెప్పు. ఎంతసేపైనా చెప్పు. నేను ఇక్కడే ఉన్నా. డిస్కుతో అంటోందో ఎవరితో అంటోందో ఆమెకే తెలియలేదు. రెండు నిమిషాల నలభై. ఒకసారి టక్ అని, అంతా నిశ్శబ్దమయింది. అయిపోయిందనుకుంది, చచ్చిపోయిందనుకుంది. అప్పుడు తెర మీద అంకె మారింది. అరవై నాలుగు.

ఫైలును ముందు ఇంకోచోటికి కాపీ చేసుకుంది, ఇంకోచోటికీ చేసుకుంది, ఆ తర్వాతే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తెరిచింది. మూడు దాటుతోంది. మొదట తన మొహమే, ఫోను ఆనిస్తూ, తెరకు మరీ దగ్గరగా, విసుగ్గా. తర్వాత నాయన. నీలంగళ్ల లుంగీ, బొత్తాలు ఒకటి కిందికి ఒకటి పైకి పెట్టుకున్న చొక్కా. ఏమన్నా చెప్పు, నీ ఇష్టం. చాలాసేపు చూపు. అమ్మను. ఆ గొంతు చెవుల్లో పడగానే కళ్లు మసకేశాయి, తుడుచుకుంది, మళ్లీ చూసింది. పెదాలు బిగుసుకున్నాయి. తన గొంతు, అమ్మను నాతో తీసుకపొమ్మంటావా నాయనా. తల కదిలింది. కదలడమైతే కదిలింది. కానీ పైకీ కిందికీ కాదు. నాయన తలను ఎడమపక్కకు, వాకిలి వైపుకు తిప్పాడు. వెనక్కి పోయి మళ్లీ చూసింది. ఎన్నిసార్లు చూసినా అంతే, ఆయన తల ఊపలేదు, వాకిలి వైపు చూశాడు. మూతి తుడిచిన తన చెయ్యి ఆ మొహాన్ని మళ్లీ ఇటు తిప్పేసింది.

తలుపు మూసుకున్న చప్పుడు. ఇక నాయన ఒక్కడే. ముందుకు జరపొచ్చు, వేలు పెట్టి లాగితే నిమిషాలు దాటిపోతాయి, ఆమె లాగలేదు. ఆయన కూర్చున్నంతసేపూ తనూ కూర్చుంది. మొదట ఏమీ లేదు, ఈగను తోలుకోవడం, జారిపోతున్న కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకోవడం. తర్వాత బయట నుంచి, కొట్టంలోంచి, అమ్మ గొంతు. మేకతో మాట్లాడుతోంది. ఇంకొంచెం ఓర్చుకో తల్లీ, ఐపోయింది, ఐపోయింది, అంటోంది. నాయన అటు తిరిగి విన్నాడు. ఆ మొహంలో వచ్చిన నెమ్మది జీవరత్నం అంతకుముందు ఆరు నెలలుగా చూడలేదు. ఆరో నిమిషంలో మళ్లీ, అమ్మను, అన్నాడు, తలుపు వైపు చూస్తూ, తను మూసుకున్న తలుపు. పెదాలు బిగుసుకున్నాయి, విడివడ్డాయి, ఏమీ రాలేదు. పదకొండో నిమిషంలో ఇంకోసారి. తలుపు వెనక తన గొంతు ఇంగ్లీషులో ఏదో చెబుతోంది, అవతలివాళ్లు ఏమన్నారో, తను గట్టిగా నవ్వింది. నాయన ఆ నవ్వుకు తనూ కాస్త నవ్వాడు. చూడలేకపోయింది, కళ్లు మూసుకుంది, మళ్లీ తెరిచింది, లేదు, చూడాలి. పద్దెనిమిదో నిమిషంలో ఎడమచెయ్యి కుర్చీ అంచు పట్టుకుంది. పెదాలు దగ్గరికి వచ్చాయి. పి, అన్నాడు. ఆగాడు. ఊపిరి పీల్చుకున్నాడు. మెడ నరాలు లేచాయి, నుదుటి మీద చెమట, మళ్లీ పి, మళ్లీ ఆగాడు. ఆమె ఏ అంకే లెక్కపెట్టలేదు. నలభై సెకన్లో, నిమిషమో.

"పిలువు" అన్నాడు నాయన. కాసేపు ఆగి, రెండు మాటలూ ఒకచోట పెట్టి, చర్చిలో వాక్యం పూర్తి చేసినప్పటి గొంతుతో, "అమ్మను పిలువు" అన్నాడు.

అంతే. ఎవరినీ ఎక్కడికీ తీసుకుపొమ్మనలేదు, ఎవరినీ ఎవరి చేతిలోనూ పెట్టలేదు. కొట్టం ఆ గదికి పది అడుగులు. తలుపు తీసి, అమ్మా, నాయన రమ్మంటన్నాడు, అంటే సరిపోయేది. ఒంట్లో ఏదో తేడా తెలిసి పిలిచాడో, గొంతు వినపడితే మనిషిని చూడాలనిపించి ఊరికే పిలిచాడో. నాయన తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు, మాట పూర్తి చేశాను కదా, ఎవరన్నా వస్తారు అన్నట్టు. మూడు నిమిషాలు చూశాడు. ఎవరూ రాలేదు. ఫోనులో చోటు అయిపోయి వీడియో అక్కడ ఆగిపోయింది. ఒరిగిపోవడం అందులో లేదు. దాని కోసం భయపడి ఏడాది పాటు ఈ మాటను పెట్టెలో పెట్టి మూసింది తను.

ఎంతసేపు అట్లా కూర్చుందో. కింద జీపు వచ్చి హారను కొట్టింది. లోపలి గదిలో చాట దించిన చప్పుడు, చీర కుచ్చిళ్ల చప్పుడు, దొరికిందామ్మాయ్, అన్న అమ్మ గొంతు. అమ్మకు చెప్పాలి. మొత్తం చెప్పాలి, ఆ మాట నేనందించింది అన్న దగ్గర నుంచి మొదలుపెట్టి మేకల దాకా, అయ్యగారి ప్రసంగం దాకా, అందరి ముందూ చెప్పాలి, అమ్మ ఏమంటుందో, అసలేమన్నా అంటుందో అనదో. కానీ అదంతా తర్వాత. దానికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది, అది ఏడాది ఆలస్యమైంది. ఇయర్‌ఫోన్లు పీకేసి శబ్దం పెంచింది. వీడియోను పద్దెనిమిదో నిమిషానికి జరిపి, నాయన పెదాలు దగ్గరికి రాబోతుండగా ఆపి, గది వైపు తిరిగింది.

"అమ్మా, ఇట్ల రా" అంది. "నాయన పిలుస్తన్నాడు."